క్వారంటైను పుట్టిన రేవుపట్టణము

ఏడ్రియాటిక్ సముద్రపు తూర్పుతీరమున, నేటి క్రొయేషియా దేశపు దక్షిణాగ్రమున, డుబ్రోవ్నిక్ అను రేవుపట్టణము కలదు. సముద్రమునుండి నిటారుగా లేచిన తెల్లని కోటగోడలను, ఎఱ్ఱని పెంకుటిండ్లను, కాలిరాపిడికి అద్దమువలె నునుపుదేరిన రాతివీథులను చూచుటకై ఏటేట లక్షలకొలది విహారయాత్రికులు అచ్చటికి వచ్చుచుందురు. కోటకు తూర్పుననున్న వాకిలిని ప్లోచె ద్వారమందురు. ఆ ద్వారము దాటి కొంచెము దూరము నడచినచో, సముద్రపుటొడ్డున వరుసగా కట్టిన పది రాతిచావడులు, వాని నడుమ ఐదు ముంగిళ్ళు కనబడును. వేసవి రాత్రులందు ఈ చావడులలో ఆ ప్రాంతపు జానపదనృత్యములు జరుగుచుండును. టిక్కెట్టు కొని లోపల కూర్చున్న పరదేశి, తనవంటి పరదేశిని వారములకొలది నిలిపియుంచుటకే ఈ గోడలు లేచినవని ఎఱిగి కూర్చుండునో, ఎఱుగక కూర్చుండునో!

వీనిని లజరెట్టులందురు. బయటి ప్రదేశములనుండి వచ్చు వర్తకులను, వారి సరకులను, బండ్లను, గుఱ్ఱములను నగరములోనికి విడువకుండ కొన్నాళ్ళు వేరుగా ఉంచుటకు ఏర్పడిన కట్టడములివి. 2020 లో మన పల్లెలలోని వృద్ధులకు సైతము నోటికి పట్టువడిన 'క్వారంటైను' అను మాటకు వెనీసువారి భాషలో నలుబది దినములని అర్థము. పేరు వెనీసువారిదే కాని, పద్ధతికి మొదట శాసనరూపమిచ్చినది డుబ్రోవ్నిక్ నగరము. క్వారంటైను అనగా రాకపోకలను ఆపుట అని సామాన్యముగా అనుకొందురు. ఈ నగరపు చరిత్ర చూచినచో సంగతి అందుకు విరుద్ధముగా కనబడును. రాకపోకలు ఆగినచో కడుపు నిండని జనులు, అవి ఆగకుండుటకై ఆలోచించి కనిపెట్టిన ఉపాయమిది.

మధ్యయుగమున ఈ నగరమునకు రగూసా అని పేరు. వెనుక కొండ, ముందు సముద్రము. నడుమ నున్న నేల రాయి. ద్రాక్షయు, ఓలివు చెట్లును పెరుగునుగాని నగరమునకు చాలినంత ధాన్యము పండదు. గోధుమలు ఓడలపై దక్షిణ ఇటలీనుండి, ఇంకను దూరదేశములనుండి రావలెను. వానిని కొనుటకు కావలసిన ధనము వ్యాపారమువలన రావలెను. బోస్నియా, సెర్బియా గనులనుండి వెండి బిడారులమీద కొండదారులవెంట ఈ రేవునకు దిగివచ్చుచుండెను. ఇటలీ బట్టలు, ఉప్పు ఈ రేవునుండి లోనాడులకు ఎక్కిపోవుచుండెను. 1358 లో నగరము వెనీసువారి ఏలుబడినుండి బయటపడి, హంగరీ రాజుయొక్క నామమాత్రపు అధికారము క్రింద తన వ్యవహారములను తానే చక్కబెట్టుకొనసాగెను. పరిపాలనము పెద్దకుటుంబముల పురుషులతో కూడిన మహాసభ చేతిలో నుండెను. ఆ సభలో కూర్చున్నవారిలో వ్యాపారముతో సంబంధము లేని కుటుంబము వెదకినను దొరకుట కష్టము.

ఇట్టి పట్టణమునకు ప్లేగు వచ్చెను. 1347 లో నల్లసముద్రపు రేవులనుండి వచ్చిన ఓడలతో సిసిలీ ద్వీపమును చేరిన ఆ వ్యాధి, మరుసటి సంవత్సరమే డుబ్రోవ్నిక్‌ను తాకెను. చంకలలో, గజ్జలలో బిళ్ళలు కట్టుట, తీవ్రమైన జ్వరము, కొద్ది దినములలో మరణము. కొన్ని యేండ్లలో యూరపు జనసంఖ్యలో మూడవవంతో, అంతకు మించియో నశించినదని చరిత్రకారుల అంచనా. అంతతో వదలినను బాగుండెడిది. కాని పది పదునైదేండ్లకొకసారి అది మరల మరల వచ్చుచునే యుండెను. ఒకమారు వచ్చిపోవు ఉపద్రవమైనచో ఓర్చుకొని కూర్చుండవచ్చును. మరల మరల వచ్చుదానితో కాపురము చేయు విధానము నేర్చుకొనవలసియుండును.

నాటి వైద్యులకు తెలిసిన కారణము చెడుగాలి. కుళ్ళిన పదార్థములనుండియు, నిలువ నీటినుండియు విషవాయువులు పుట్టి, మనుష్యుని శరీరములోని ధాతువులను చెఱచునని గ్రీకుల కాలమునుండి నమ్మకము. గాలియే కారణమైనచో మనుష్యుని ఆపి ప్రయోజనములేదు. ఊరు విడిచి పారిపోవుటయే మార్గము. ధనవంతులు అట్లే చేసిరి. పాలకులు వేఱొక దారి పట్టిరి. 1374 లో మిలాను ప్రభువైన బెర్నబో విస్కాంటి, ప్లేగు సోకినవారిని ఊరు వెడలించి పొలములలో వదలవలెనని, చచ్చుటయో బ్రతుకుటయో అచ్చటనే జరుగవలెనని ఆజ్ఞాపించెను. కొన్ని నగరములు ద్వారములు మూసికొని, వ్యాధి ఉన్న చోటినుండి వచ్చువారిని ఎవ్వరిని రానీయకుండెను. చుట్టును పంటపొలములున్న నగరము కొన్నాళ్ళు తలుపులు మూసికొనగలదు. డుబ్రోవ్నిక్ తలుపు మూసినచో లోపలివారు ప్లేగునకు బదులు ఆకలితో చత్తురు.

1377 వ సంవత్సరము జూలై 27 వ తేదీన మహాసభ కూడెను. సభకు వచ్చినవారు 47 మంది; తీర్మానమును అంగీకరించినవారు 34 మంది. ప్లేగు ఉన్న ప్రదేశములనుండి వచ్చువారు, స్వదేశీయులైనను పరదేశీయులైనను, ఒక నెల దినములు మర్కాన్ అను చిన్న ద్వీపముమీదనో, త్సవ్తాత్ అను ఊరిలోనో గడపి శుద్ధి పొందినగాని డుబ్రోవ్నిక్‌లోనికిగాని, దాని పరగణాలోనికిగాని రాగూడదు. అచ్చట ఉన్నవారియొద్దకు నగరవాసులెవ్వరును అనుమతి లేనిదే పోగూడదు. ఆహారము తీసికొని పోగూడదు. పోయినచో వారును అచ్చటనే నెల దినములుండవలెను. తప్పినవారికి జరిమానా. సారాంశమింతే. 'పచ్చని గ్రంథము' అని పేరుపడిన నగరశాసనముల సంపుటిలో ఈ తీర్మానము నేటికిని చూడవచ్చును.

ఇందులో రెండు మాటలు గమనింపదగినవి. మొదటిది, రోగిని వెళ్ళగొట్టుటనుగూర్చి ఈ శాసనము మాటాడదు. ఆరోగ్యముగా కనబడుచున్నవానిని గూర్చి మాటాడుచున్నది. చూచుటకు బాగుగానున్న మనుష్యుని శరీరములో వ్యాధి దాగియుండవచ్చునని, కొంతకాలమునకు బయటపడునని ఒప్పుకొననిచో ఈ శాసనమునకు అర్థమేలేదు. చెడుగాలిని నమ్మిన కాలములో ఈ మాట పుస్తకములనుండి పుట్టినది కాదు. ఓడలు వచ్చిన తరువాత ఎన్నాళ్ళకు చావులు మొదలగుచున్నవో లెక్కపెట్టుకొన్న వర్తకుల అనుభవమునుండి పుట్టినది. రెండవది, స్వదేశీయునకు మినహాయింపు లేదు. అంటువ్యాధి వచ్చినప్పుడు పరదేశిని అనుమానించి తనవానిని లోనికి రానిచ్చుట లోకస్వభావము. సభలో కూర్చున్న పెద్దమనుష్యుని కుమారుడైనను సరే, ప్లేగున్న రేవునుండి వచ్చినచో మర్కాన్ ద్వీపములో దిగవలసినదే. ఓటు వేయని ఆ పదుముగ్గురికి ఈ షరతే మింగుడుపడలేదేమో!

నెల దినములే ఎందుకు? తరువాతి కాలమున అది నలుబదియై, ఆ సంఖ్యయే లోకములో స్థిరపడెను. నలుబది దినములలోపల తీవ్రవ్యాధులన్నియు బయటపడునని గ్రీకు వైద్యుల మాట యున్నది. క్రైస్తవుల నలుబది దినముల ఉపవాసమునకు ఇందులో భాగమున్నదని కొందరందురు. కారణమేదైనను నేటి విజ్ఞానముతో ఆ గడువును పరిశీలించుట మంచిది.

ప్లేగుకు కారణమైన సూక్ష్మజీవిని 1894 లో హాంకాంగు నగరమున అలెగ్జాండరు యెర్సిన్ కనిపెట్టెను. అది ఎలుకలలో పుట్టి, ఎలుకలనంటియుండు మిన్నల్లుల కాటువలన మనుష్యులకు సంక్రమించునని పాల్ లూయీ సిమోన్ 1898 లో కరాచీలో చూపెను. మధ్యయుగపు మహామారియు ఈ సూక్ష్మజీవి పనియేనా అను సందేహము చాలకాలముండెను. లండనులోని పాత శ్మశానమున దొరకిన పండ్లనుండి ఆ సూక్ష్మజీవియొక్క జన్యుపదార్థమును వెలికితీసి 2011 లో పూర్తిగా చదివిన పిమ్మట ఆ సందేహము తీరెను. సూక్ష్మజీవి శరీరమున ప్రవేశించిననాటినుండి వ్యాధిలక్షణములు కనబడువఱకు పట్టు కాలమును పొదుగుకాలమందురు. ప్లేగునకు అది సాధారణముగా 1 నుండి 7 దినములు. అట్లయినచో ఒక మనుష్యునికి వారము చాలును, నెల ఎక్కువ.

అయితే ఓడలో వచ్చినది ఒక్క మనుష్యుడు కాదు, ఒక గుంపు. గుంపులో ఒకడు మొదటి వారమున జబ్బుపడి, వానినుండియో వాని బట్టలలోని మిన్నల్లులనుండియో రెండవవానికి సోకినచో, వానికి మరల క్రొత్తగా వారము. అట్లు నాలుగైదు మారులు చేతులు మారుటకు వలయు గడువు నెల దినములు. అన్నాళ్ళు గడచినను ఎవ్వరును జబ్బు పడకున్నచో ఆ గుంపులో వ్యాధి లేదనియో, వచ్చి చల్లారినదనియో ధైర్యముగా చెప్పవచ్చును. సభవారు ఇంత ఆలోచించిరని కాదు. కారణము తెలియకయే వారు తీసికొన్న జాగ్రత్త, తెలిసినవారు వేయు లెక్కకు దగ్గరగా వచ్చినది. చిక్కంతయు ఎలుకతోనే. రేవులో కట్టిన ఓడనుండి ఎలుక త్రాటిమీదుగా దిగిపోవునప్పుడు శాసనమును చదువుకొని పోదుకదా. దూరముననున్న ద్వీపమున ఓడను నిలుపుటవలన ఎలుకకును కొంత అడ్డము కలిగినది, పూర్తిగా కాదు.

శాసనము వ్రాయుట ఒకనాటి పని. దానితో బ్రతుకుట వందల యేండ్ల పని. మర్కాన్ ద్వీపముమీద తొలుత సరియైన నీడ సైతము లేదు. వానకు తడియుచు, ఎండకు ఎండుచు, ఎదురుగా కనబడుచున్న నగరమును చూచుచు వర్తకుడు దినములు లెక్కపెట్టుకొనవలసియుండెను. వాని సరకునకు ధర పడిపోవుచుండును. అప్పునకు వడ్డీ పెరుగుచుండును. తప్పించుకొనుటకు యత్నములు జరుగకుండునా? రాత్రివేళ చిన్నపడవలలో ఒడ్డు చేరుటయు, వచ్చిన చోటు దాచి అబద్ధము చెప్పుటయు మొదలయ్యెను. అందుచేత 1390 లో నగరము ఈ పనికై ప్రత్యేకాధికారులను నియమించెను. 1397 లో నిబంధనలను సవరించి, మ్ల్యెట్ ద్వీపముమీది సన్యాసుల మఠమును కూడ ఇందుకు వినియోగించిరి. పెద్దకుటుంబములనుండియే వచ్చిన ఈ అధికారులకు క్రమముగా 'కత్సమోర్తి' అను పేరు స్థిరపడెను. ఆ పేరులో మృతులను మాట ఇమిడియున్నది. పిలుచుటకు ఇంపైన పేరు కాదు. వారు చేసిన పని మాత్రము నేటి ప్రజారోగ్యశాఖ చేయునదే: ఏ రేవులో వ్యాధి యున్నదో వర్తమానములు తెప్పించుట, వచ్చినవారిని ప్రశ్నించుట, వేరుగా నుంచుట, కాపలా పెట్టుట, తప్పినవారిని శిక్షించుట. రోగులకు ఉపచారము చేయుటకును, శవములను పూడ్చుటకును ఒకమారు ప్లేగు వచ్చి బ్రతికినవారిని నియమించెడివారు. ఒకసారి వచ్చినవారికి మరల రాదని, వచ్చినను ప్రాణముతీయదని వారికి అనుభవముచే తెలియును.

ఇన్ని చేసినను ప్లేగు మరల రాకపోలేదు. 1526, 1527 సంవత్సరములలో వచ్చిన వ్యాధికి నగరము అల్లాడిపోయెను. పరిపాలకులు కోట విడిచి ప్రక్కనున్న గ్రూజ్ రేవునకు తరలిపోయిరి. ఆ దెబ్బ తరువాత నగరవాసులు పద్ధతిని వదలుకొనలేదు, బిగించిరి. ద్వీపములకు మారుగా కట్టుదిట్టమైన భవనములు కావలెనని నిశ్చయించిరి. లొక్రుమ్ ద్వీపమున ఒకటి మొదలుపెట్టిరిగాని అది పూర్తికాలేదు. చివరకు 1590 ప్రాంతమున ప్లోచె ద్వారమువద్ద పని నిర్ణయమై, 1642 నాటికి ముగిసెను. ప్లేగు తగ్గినందుకు మ్రొక్కుబడిగా చార్మినారు లేచినదని మనలో ఒక జనశ్రుతి యున్నది. చరిత్రకారులందరు దానిని ఒప్పుకొనరు. చార్మినారు 1591 నాటిది. ఆ జనశ్రుతి నిజమే అయినచో, ఇంచుమించు ఒకే సమయమున ఒక నగరము పోయిన ప్లేగునకు గుర్తు కట్టినది. మఱియొక నగరము రాబోవు ప్లేగునకు గది కట్టినది.

లజరెట్టులను అచ్చటనే కట్టుటకు కారణమున్నది. అప్పటికి బోస్నియా, సెర్బియాలు తురుష్కసామ్రాజ్యములో చేరి చాలకాలమయ్యెను. డుబ్రోవ్నిక్ 1481 నుండి సుల్తానునకు ఏటేట 12,500 డకాటులు కప్పము చెల్లించుచు, ఆ సామ్రాజ్యమంతట వ్యాపారము చేసికొను హక్కును నిలుపుకొనెను. తురుష్కరాజ్యములో క్వారంటైను పద్ధతి 1838 వఱకు లేదు. కొండదిగి వచ్చు ప్రతి బిడారు ప్లోచె ద్వారము ముందు ఆగవలసినదే. ఒక బిడారువారు ఒక ముంగిటిలో నుండగా వేఱొక బిడారువారు వారిని తాకుటకు వీలులేదు. ఐదు ముంగిళ్ళు కట్టుటలోని రహస్యమిది. ఒకచోట జబ్బు కనబడినచో ఆ గుంపునకే గడువు మరల మొదలగును, ప్రక్కవారి లెక్క చెడదు.

సరకులకును వరుసలుండెను. ఉన్ని, దూది, తోళ్ళు, ఈకలు, కాగితము వ్యాధిని పట్టియుంచునని వానిని విప్పి గాలికి ఆరవేసెడివారు. లోహములు, ధాన్యము అంత అపాయము కావని త్వరగా విడిచెడివారు. ఉన్ని విషయములో వారి అనుమానము సరియైనదే, మిన్నల్లి దాగుటకు అంతకన్న మంచి చోటు లేదు. ధాన్యపు బస్తాలో ఎలుక యుండునను ఊహ వారికి తట్టలేదు, తట్టినను ఆకలి ముందు నిలువదు. మధ్యధరాప్రాంతపు రేవులన్నిట ఉత్తరములను చీల్చి, సిర్కాలో ముంచి, పొగవేసి, పటకారులతో అందించెడివారు. ఈ సంగతి చదివి నవ్వుకొనువారు, 2020 వేసవిలో పాలపొట్లములను సబ్బునీటిలో కడిగి, వార్తాపత్రికను ఎండలో వేసి చదివినది గుర్తు తెచ్చుకొనవలెను.

డుబ్రోవ్నిక్ మార్గమును ఇతర రేవులు అనుసరించెను. 1423 లో వెనీసు ఒక ద్వీపమున ప్లేగు ఆసుపత్రిని, 1468 లో అనుమానితులకు వేఱొక ద్వీపమును ఏర్పరచెను. వ్యాధిలేని ఊరినుండి వచ్చుచున్నట్లు తెలుపు ఆరోగ్యపత్రములు ఇటలీ నగరములలో వాడుకలోనికి వచ్చెను. పందొమ్మిదవ శతాబ్దమున కలరా వచ్చి, పొగయోడలు వచ్చి, నలుబది దినముల నిరీక్షణమును వర్తకులు సహింపలేని కాలమయ్యెను. 1851 లో పారిసులో తొలి అంతర్జాతీయ ఆరోగ్యసమావేశము జరిగెను. సూక్ష్మజీవులు బయటపడిన తరువాత ఒక్కొక్క వ్యాధి పొదుగుకాలము తెలిసి, గడువులు తగ్గిపోయెను.

మనదేశమునకు ఈ శాస్త్రము ఈ మార్గముననే చేరెను. 1896 లో బొంబాయికి ప్లేగు రాగా, మరుసటి సంవత్సరము నాలుగు విభాగములు మాత్రమే గల అంటువ్యాధుల చట్టము వెలువడెను. మదరాసు రాజధానిలో ప్లేగున్న తావునుండి రైలు దిగినవానికి 'ప్లేగు పాసుపోర్టు' అను చీటి ఇచ్చి, చేరిన ఊరిలో పది దినములపాటు అధికారికి ప్రతిదినము కనబడవలెనని నియమించిరి. మనుష్యుని నిలుపక, పోనిచ్చి కనిపెట్టియుండుట ఇందులోని విశేషము. పల్లెలలో జనులు తమంతతామే మఱొక మార్గమెఱిగియుండిరి. ఇండ్లలో ఎలుకలు రాలినచో ఊరు ఖాళీచేసి, పొలములలో గుడిసెలు వేసికొని కొన్నాళ్ళుండిరి. ఎలుకను విడిచి మనుష్యుడు పోవుట అన్నమాట. సిమోన్ పరిశోధనను చదువనివారు చేసిన ఈ పని, చదివినవారు చెప్పినదానికన్న తక్కువది కాదు.

డుబ్రోవ్నిక్ కథ తరువాత వేగముగా సాగెను. 1667 భూకంపమున నగరము కూలెను. 1808 లో నెపోలియన్ సేనాని ఆ స్వతంత్రరాజ్యమును రద్దుచేసెను. 1979 లో యునెస్కో దానిని ప్రపంచవారసత్వ స్థలముగా గుర్తించెను. 1991, 1992 సంవత్సరముల ముట్టడిలో పడిన గుండ్ల గాయములు మానిన తరువాత విహారయాత్రికుల వెల్లువ ప్రారంభమయ్యెను. ఒకప్పుడు వెండి తెచ్చిన ధనమును ఇప్పుడు యాత్రికుడు తెచ్చును. వేలమందిని మోయు ఓడలు ఒకేదినమున నాలుగైదు వచ్చి, ఇరుకైన రాతివీథులలో నడచుటకే చోటు లేక పోయినందున, 2019 లో నగరము ఒకేసారి రెండు ఓడలకు, 4,000 మంది యాత్రికులకు మించరాదని హద్దు పెట్టెను. వచ్చువారు మితిమీరినారని బాధపడిన మరుసటి సంవత్సరమే వచ్చువారే లేకపోయిరి.

2020 మార్చి 11 న ప్రపంచ ఆరోగ్యసంస్థ కోవిడ్‌ను ప్రపంచవ్యాప్త మహమ్మారిగా ప్రకటించెను. అదే నెల 23 వ తేదీనుండి క్రొయేషియాలో తానున్న ఊరు విడిచి పోవుటకు ఎలక్ట్రానిక్ అనుమతిపత్రము కావలసివచ్చెను. వేసవిలో సరిహద్దులు కొంత తెరచినను, దేశమునందలి యాత్రాస్థలములన్నిటికిని ఒకే ఫలము దక్కలేదు. ఉత్తరముననున్న ఇస్త్రియాకు జర్మనీ, ఆస్ట్రియా జనులు తమ కార్లలో వచ్చిరి. డుబ్రోవ్నిక్‌నకు యాత్రికులు విమానములలోను ఓడలలోను వచ్చువారు; ఆ రెండును నిలిచిపోయెను. రోడ్డుమీద వత్తమన్నచో నడుమ నెయూమ్ అనుచోట బోస్నియా దేశపు నేల అడ్డముగానుండి, రెండు సరిహద్దు తనిఖీలు దాటవలసియుండెను. ఆ అడ్డము డుబ్రోవ్నిక్ వారు తామే పెట్టుకొన్నది! 1699 సంధిలో, వెనీసువారు భూమార్గమున తమమీదికి రాకుండుటకై నడుమ నున్న తీరపుముక్కను తురుష్కులకు వదలిరి. నాడు రక్షణకై విడిచిన నేల, 321 సంవత్సరముల తరువాత యాత్రికునకు ఆటంకమయ్యెను. ఆ ముక్కను తప్పించు పెల్యెషాత్స్ వంతెన 2022 జూలై 26 న తెరవబడెను.

కోవిడ్ పొదుగుకాలము సగటున 5, 6 దినములు. అరుదుగా 14 వఱకు. గడువును 14 గా నిర్ణయించుటకు కారణమిదే. చిక్కు వేఱొకచోట నున్నది. ప్లేగు రోగిని చూచినంతనే గుర్తింపవచ్చును. కోవిడ్ సోకినవాడు లక్షణములు కనబడుటకు ఒకటి రెండు దినములు ముందే ఇతరులకు అంటించును. కొందరికి లక్షణములే కనబడవు. 1377 నాటి ఊహ, అనగా బాగుగా నున్నవాడే అపాయకరుడను ఊహ, ప్లేగునకన్న ఈ వ్యాధికే బాగుగ సరిపోవును. ముంగిళ్ళు వేఱుగా లేనిచో ఏమగునో 2020 ఫిబ్రవరిలో యోకొహామా రేవున నిలిపిన 'డైమండ్ ప్రిన్సెస్' ఓడ చూపెను. అందులోని 3,711 మందిలో 712 మందికి వ్యాధి సోకెను. యాత్రికులను గదులలో నుండుమనిరి. పనివారు మాత్రము కలసి భుజించుచు, ఇరుకు గదులలో కలసి నిద్రించుచు, యాత్రికులకు భోజనములందించుచుండిరి. ప్లోచె లజరెట్టును కట్టిన మేస్త్రి దానిని చూచియున్నచో గోడలెక్కడ అని అడిగియుండును.

మన తెలుగువారును ఆ సంవత్సరము లజరెట్టులలో నుండిరి. వాని పేరు హోటళ్ళు. 2020 మే 7 న మొదలైన 'వందే భారత్' విమానములలో కువైట్ మొదలగు గల్ఫు దేశములనుండియు, అమెరికానుండియు వచ్చినవారు మొదట 14 దినములు తమ ఖర్చుతో నిర్ణీతస్థలములలో నుండవలసివచ్చెను. సంచులతో, పిల్లలతో విమానము దిగిన కూలివానికిని, కంప్యూటరు ఇంజనీరునకును శాసనమొకటే. గదియు దాని అద్దెయు మాత్రము ఒకటి కాదు. ఆ భేదము మర్కాన్ నాటినుండియు ఉన్నదే.

విహారయాత్రలతో జీవించు ప్రదేశములు మరల తలుపు తెరచుటకు చేసిన యత్నములలో థాయిలాండుకు చెందిన ఫుకెట్ ద్వీపముది చెప్పుకొనదగినది. ద్వీపవాసులలో అధికభాగమునకు ముందుగా టీకాలు వేసి, 2021 జూలై 1 నుండి టీకాలు వేసికొన్న పరదేశీయులను గదిలో బంధింపకుండ రానిచ్చిరి. షరతేమనగా 14 రాత్రులు ద్వీపము విడువరాదు, నడుమ పరీక్షలు చేయించుకొనవలెను; అటుపిమ్మట దేశములో ఎచ్చటికైనను పోవచ్చును. సముద్రమే గోడ, ద్వీపమంతయు ముంగిలి. కొన్ని నెలలకు గడువు వారమునకు తగ్గెను. అదే జూలై 1 న యూరపు దేశములలో టీకా ధ్రువపత్రముల పద్ధతి అమలులోనికి వచ్చెను. ఫోనులోని చదరపు గుర్తును చూపి డుబ్రోవ్నిక్ విమానాశ్రయము దాటిన యాత్రికుడు, తెలిసియో తెలియకయో, పాత ఆరోగ్యపత్రమును చేతబట్టిన వర్తకుని వెనుక వరుసలో నిలిచినవాడే. దినములు లెక్కించి తెలిసికొన్నదానిని ఇప్పుడు పరీక్ష కొన్ని గంటలలో చెప్పుచున్నది. పరీక్ష తప్పుచెప్పు సందర్భములున్నందున దినముల లెక్కయు పూర్తిగా పోలేదు.

నేడు త్సవ్తాత్ ఊరిలో హోటళ్ళు నిండియుండును. యాత్రికులు డుబ్రోవ్నిక్‌నకు పడవలలో పోయివచ్చుచుందురు. తీరమునుండి చూచినచో సముద్రములో మర్కాన్ ద్వీపము బూడిదరంగు రాయివలె కనబడును. దానిమీద నివాసము లేదు. శిథిలమైన గోడలు, పొదలు, సముద్రపక్షులు ఉన్నవి. దానిని, ప్రక్కనున్న రెండు చిన్న ద్వీపములను పక్షుల సంరక్షణస్థలముగా కాపాడుచున్నారు. పడవలు దాని ప్రక్కనుండి ఆగకుండ సాగిపోవుచుండును.